కూర – కర్రీ: ఒక పదం, రెండు చరిత్రలు

తెలుగు ‘కూర’ నుండే ఇంగ్లీషు ‘కర్రీ’ పుట్టిందన్న మాట తరగతి గదుల్లోనూ, అప్పుడప్పుడు వ్యాసాల్లోనూ వినిపిస్తూ ఉంటుంది. భాషాభిమానానికి ఇది ఇంపుగా ఉన్నా పదస్వరూపం దీనిని సమర్థించదు. యూల్, బర్నెల్ 1886లో వెలువరించిన ‘హాబ్సన్-జాబ్సన్’ ఈ పదానికి మూలంగా తమిళ ‘కఱి’ని చూపింది, పోర్చుగీసువారి ‘కరిల్’ను కూడా ప్రస్తావించింది. హ్రస్వ అకారంతో మొదలయ్యే ఈ రూపాలను దీర్ఘ ఊకారం గల ‘కూర’తో కలపడం కష్టం. దీనివల్ల తెలుగుకు జరిగే నష్టమేమీ లేదు. ‘కర్రీ’ నీడ తొలగితేనే ‘కూర’కు ఉన్న సొంత చరిత్ర కనిపిస్తుంది.

ఆ చరిత్రకు బలమైన ఆధారం మనం రోజూ పాఠం చెప్పే వ్యాకరణంలోనే ఉంది. ద్వంద్వసమాసంలో పరుషాలకు గసడదవలు వస్తాయని చెప్పేటప్పుడు బాలవ్యాకరణ (1858) సంప్రదాయంలో ‘కూరగాయలు’ ఉదాహరణగా చూపుతాం. నరసన్నపేట పరిసరాల విద్యార్థులను విగ్రహవాక్యం అడిగితే, ‘కూరకు పనికివచ్చే కాయలు’ అన్న సమాధానమే ఎక్కువగా వస్తుంది. నేటి అర్థంతో చూస్తే వారి తప్పేమీ లేదు. కానీ విగ్రహవాక్యం ‘కూరయు, కాయయు’ అయినప్పుడు, ‘కూర’ వండిన పదార్థం కాజాలదు. కాయతో సమానస్థాయిలో నిలబడే పచ్చి వస్తువు, అంటే ఆకు కావాలి. తోటకూర, పాలకూర, చుక్కకూర, గోగుతో కలిసిన గోంగూర దీనికే సాక్ష్యం చెబుతున్నాయి. ఇవి పొయ్యి ఎక్కకముందే కూరలు. బ్రౌన్ నిఘంటువు కూడా ఆకుకూర అర్థాన్ని, వంటకం అర్థాన్ని కలిపే నమోదు చేసింది. ఆకు నుండి కాయకు, కాయ నుండి వంటకానికి, చివరకు కోడికూర, చేపలకూర వరకూ ఈ పదార్థం విస్తరించింది. నేటి తమిళ వ్యవహారంలో ‘కఱి’ అనగానే మాంసం స్ఫురించడాన్ని దీని పక్కన పెట్టి చూస్తే, రెండు పదాల ప్రయాణాలు ఎంత వేరో తెలుస్తుంది.

వంటకం అనే అర్థం కొత్తదేమీ కాదు. ‘ఆముక్తమాల్యద’లో విష్ణుచిత్తుని ఆతిథ్యం ఋతువునుబట్టి మారుతుంది. చలికాలపు విస్తరిలో మిరియాల పొడి పట్టించిన వేడి కూరలు, ముక్కుకెక్కే ఆవ పచ్చళ్ళు ఉన్నాయి. ఇక్కడి కారమంతా మిరియాలది. అమెరికా ఖండపు మిరపకాయ పోర్చుగీసువారి రాక తరువాతనే మన తీరానికి చేరింది. చేరి, మిరియంతో బంధుత్వం గల పేరునే తెచ్చుకుంది. కాబట్టి ‘ఎర్రగా, కారంగా ఉండేదే ఆంధ్రుల కూర’ అనే నిర్వచనాన్ని ప్రాచీన సాహిత్యానికి అన్వయించడం కాలదోషం.

వంటపేర్ల విషయంలో ‘కర్రీ’ చేసే హాని ఇంతకంటే పెద్దది. హన్నా గ్లాస్ 1747లో ‘భారతీయ పద్ధతి’ అంటూ ఒక కర్రీని లండన్ పాఠకులకు పరిచయం చేసింది. ఆ తరువాత పొడి రూపంలో సీసాకెక్కిన ఈ పదానికి పద్ధతితో పని లేకుండా పోయింది. తెలుగు పేర్లు పద్ధతినే చెబుతాయి: నీరు ఇగిరితే ఇగురు, నూనెలో వేపితే వేపుడు, పులుపు ప్రధానమైతే పులుసు. ఉత్తరాంధ్రలో మరో విభజన ఉంది: కూరకు ఏమి ‘పెట్టారు’ అన్నది. ఆవ పెట్టిన పనసపొట్టు, మెంతి పెట్టిన వంకాయ, నువ్వుపిండి పెట్టిన బీరకాయ వేరువేరు కూరలు. ఆవముద్దను దించాక కలపాలి. పొయ్యి మీద కలిపితే ఘాటు పోయి చేదెక్కుతుంది. ఒడియా వంటలోని ‘బెసర’ కూడా ఆవముద్దతో చేసేదే. ఎవరి నుండి ఎవరు నేర్చారన్న వాదం కంటే, 1936లో గీసిన రాష్ట్రరేఖకు ఇరువైపులా ఈ రుచి ఉండటం గమనించదగినది.

ఇదే ప్రాంతపు ‘కన్యాశుల్కం’లో విజయనగరం పూటకూళ్ళమ్మ ఉంది. విమర్శకులు ఆమెను గిరీశం చేతిలో మోసపోయిన వితంతువుగా చూశారు. ఆమె వృత్తినామాన్ని అంతగా పట్టించుకోలేదు. పూటకు ‘కూడు’ పెట్టేది పూటకూళ్ళమ్మ. అక్కడ అమ్మకానికి కేంద్రం అన్నం. కూర దాని వెంట వచ్చేది. నేటి చిన్న పట్టణాల ‘కర్రీ పాయింట్’ దీనికి తలకిందులు. అన్నం ఇంట్లో కుక్కర్‌లో ఉడుకుతుంది, కూర మాత్రం ప్లాస్టిక్ సంచిలో కొని తెచ్చుకుంటారు. ఉద్యోగం చేసే స్త్రీకి అది ఇచ్చిన వెసులుబాటును తక్కువ చేయలేం. వెనుక వంటగదిలో చెమటోడ్చేవారిలో చాలామంది స్త్రీలేనన్నదీ మరువరాదు. అయితే సాయంత్రం దాకా నిలవ ఉండాల్సిన చోట ఆవ పెట్టిన కూరకు స్థానం దొరకదు. వంటకంతో పాటు ‘పెట్టు’ అన్న క్రియకు ఉన్న ఆ ప్రత్యేకార్థమూ జారిపోతోంది.

వ్యవసాయ పదాలతో 1962లో మొదలైన మాండలిక వృత్తిపదకోశానికి భద్రిరాజు కృష్ణమూర్తి అనుసరించిన క్షేత్రపద్ధతి వంటింటికీ చక్కగా సరిపోతుంది. నరసన్నపేట, టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడి వరకు ఒక ప్రశ్నావళితో తిరగవచ్చు. అందులో మొదటి ప్రశ్న ‘ఏం కూర?’ అని కాక, ‘కూరకేం పెట్టారు?’ అని ఉండాలి.