మెదడు చిత్రాలు, రచనాశైలి: బార్బెలియన్ డైరీ పఠనంలో ఒక పద్ధతి సమస్య

కీలకపదాలు: మల్టిపుల్ స్క్లెరోసిస్, సంజ్ఞానక్షీణత, ఎం.ఆర్.ఐ., శైలీశాస్త్రం, డైరీ సాహిత్యం

1. ప్రవేశం

రచయిత చివరి రచనల్లో వాక్యాలు పొట్టివైనా, పదసంపద తగ్గినా దానికి వ్యాధిని కారణంగా చూపే విమర్శ ఒకటి ఉంది. దీనికి బలమైన ఆధారం ఐరిస్ మర్డోక్ చివరి నవల ‘జాక్సన్స్ డైలమా’ (1995)పై పీటర్ గారార్డ్ బృందం 2005లో ప్రకటించిన అధ్యయనం. ఆమె తొలి, మధ్య, చివరి దశల నవలలను పోల్చి చూసినప్పుడు వాక్యనిర్మాణం పెద్దగా చెదరలేదు; పదవైవిధ్యం మాత్రం చివరి నవలలో స్పష్టంగా తగ్గింది. ఆ నవల వెలువడిన తరువాత ఆమెకు ఆల్జీమర్స్ వ్యాధి ఉన్నట్లు తేలింది. శైలీశాస్త్రానికి ఇది విలువైన ఫలితమే. అయితే ఈ కొలబద్దను వేరొక మెదడు వ్యాధికి యథాతథంగా వర్తింపజేయడం ఎంతవరకు సమంజసం? మల్టిపుల్ స్క్లెరోసిస్ విషయంలో అది చెల్లదనడానికి డబ్ల్యు.ఎన్.పి. బార్బెలియన్ డైరీ చక్కని నిదర్శనం.

2. ముగింపును తానే రాసుకున్న రచయిత

బార్బెలియన్ అన్నది బ్రూస్ ఫ్రెడరిక్ కమింగ్స్ (1889–1919) కలంపేరు. ఆయన లండన్‌లోని ప్రకృతిశాస్త్ర మ్యూజియంలో కీటకాల విభాగంలో పనిచేశారు. 1915 నవంబరులో సైనిక నియామక పరీక్షకు వెళ్తున్నప్పుడు ఆయన వైద్యుడు సీలు వేసిన ఉత్తరం ఒకటి చేతికిచ్చాడు. పరీక్షలో దాని అవసరమే పడలేదు. ఇంటికి తిరిగి వస్తూ దానిని విప్పి చదివిన తరువాతగాని తన వ్యాధి ఏమిటో ఆయనకు తెలియలేదు. కుటుంబానికి అప్పటికే తెలుసు. పెళ్లికి ముందే భార్యకూ తెలుసు. ఆయన వ్యాధి ఆయనకు మొదట ఒక పాఠంగా, అదీ మరొకరికి ఉద్దేశించిన పాఠంగా అందింది.

‘ది జర్నల్ ఆఫ్ ఎ డిసపాయింటెడ్ మాన్’ 1919లో హెచ్.జి. వెల్స్ పరిచయంతో వెలువడింది. (దానిని వెల్సే రాశాడని అనుమానించినవారూ ఉన్నారు.) గ్రంథం చివర బార్బెలియన్ 1917 డిసెంబరు 31న మరణించినట్లు ఒక గమనిక ఉంటుంది. నిజానికి ఆయన 1919 అక్టోబరు వరకు జీవించి, తన పుస్తకాన్ని అచ్చులో చూసుకున్నారు. కాబట్టి చివరి పుటలను వ్యాధిలక్షణాల నమోదుగా లెక్కించే విమర్శకుడు, తన మరణాన్ని సైతం కూర్చి పెట్టుకున్న రచయిత ముందు మోసపోతాడు.

3. మచ్చ చెప్పేది, చెప్పనిది

ఈ వ్యాధిలో జ్ఞాపకశక్తి బలహీనపడుతుందనీ, ఆలోచన మందగిస్తుందనీ షార్కో 1868 నాటికే గుర్తించాడు. సి.టి. స్కాన్‌కు అందని మచ్చలను కూడా ఎం.ఆర్.ఐ. చూపగలదని 1981లో తేలాక, ఇక మెదడును నేరుగా చదవవచ్చునన్న ఆశ కలిగింది. ఆ ఆశ సగమే నెరవేరింది. తెల్ల పదార్థంలో మచ్చలు ఎన్ని ఉన్నాయన్న లెక్కకూ, రోగి ఆలోచనాశక్తిలో కనిపించే లోటుకూ మధ్య సంబంధం బలహీనమైనదే. మచ్చలు ఎక్కువగా ఉన్నా చురుకుగా ఉండేవారున్నారు. తక్కువగా ఉన్నా తడబడేవారున్నారు. బార్కాఫ్ వంటివారు దీనినే చికిత్సా–చిత్రణ వైరుధ్యం అన్నారు. మెదడు ఉపరితలంలోని బూడిదరంగు పొరలో ఏర్పడే గాయాల్లో అధికభాగం సాధారణ ఎం.ఆర్.ఐ.కి చిక్కవు. మచ్చల లెక్కకంటే థాలమస్ కుంచించుకుపోవడమే సంజ్ఞానక్షీణతతో దగ్గరగా ముడిపడి ఉన్నట్లు తరువాతి పరిశోధనలు చూపాయి.

ఈ రోగుల్లో తరచుగా, ముందుగా దెబ్బతినేది వేగం. దానిని పట్టే ప్రధాన పరీక్షలో గుర్తులకు సరైన అంకెలను జతపరచాలి. వ్యవధి 90 సెకన్లు. గడువు లేకపోతే ఆ పరీక్షకు అర్థమే లేదు. ముద్రిత పుటకు గడియారం లేదు. ఒక వాక్యాన్ని రచయిత ఒక నిమిషంలో రాశాడో, ఒక పూట కూర్చుని రాశాడో అచ్చులో కనిపించదు. అంతేకాదు, సుమోవ్‌స్కీ వంటి పరిశోధకులు ఈ రోగుల పదసంపదను వ్యాధికి ముందునాటి మేధోసంపదకు గుర్తుగా తీసుకుంటారు, అది అంత త్వరగా తరిగిపోదన్న నమ్మకంతోనే. వైద్య పరిశోధకులు స్థిరమైనదిగా ఎంచుకున్న దానినే విమర్శకుడు క్షీణతకు కొలమానం చేయడం వింత.

4. తెలుగులో లెక్క

కంప్యూటరు సాయంతో తెలుగు రచయితల చివరి దశను కొలవబూనేవారికి మరో చిక్కు కూడా ఉంది. ‘వచ్చాడు’, ‘వచ్చాడని’, ‘వచ్చాడట’, ‘వచ్చాడేమో’ అన్నవి యంత్రానికి నాలుగు వేర్వేరు పదాలు. పదవైవిధ్యం దృష్టితో చూస్తే ఒకే క్రియ. ప్రత్యయాలను విడదీయకుండా లెక్కిస్తే, పదసంపద నిజంగా తరిగిన రచయిత కూడా సంపన్నుడిగానే కనిపిస్తాడు. విడదీసి లెక్కించినా, పోలిక ఒకే ప్రక్రియకు చెందిన రచనల మధ్యనే జరగాలి. నవలను డైరీతోనో, డైరీని ఉత్తరంతోనో పోల్చితే తేలేది ప్రక్రియాభేదమే. ఇక రాతప్రతి, దానిపై దిద్దుబాట్లు, చెప్పి రాయించిన భాగాల వివరాలు లేనిచోట ఒక రచయిత బుద్ధి మందగించిందని ప్రకటించే అధికారం విమర్శకుడికి ఎక్కడి నుంచి వస్తుంది?