ఏ రోజు మన్నా ఆ రోజుకే

అనకాపల్లి పేరు చెబితే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది బెల్లం. గానుగాడే నెలల్లో వండి, దిమ్మలు కట్టి, మార్కెట్లో వేలం వేసి, గోదాముకు చేరిస్తే ఏడాది పొడవునా అక్కరకొస్తుంది. నిర్గమకాండం 16వ అధ్యాయంలో ఇశ్రాయేలీయులకు దేవుడు ఆహారంగా కురిపించిన మన్నా అలాంటి సరుకు కాదు. తలకొక ఓమెరు కొలత చొప్పున తెల్లవారగానే ఏరుకోవాలి. ఎండెక్కితే కరిగిపోతుంది. రేపటికని దాచుకుంటే పురుగు పడుతుంది. విశ్రాంతి దినానికి ముందు రోజున మాత్రమే రెండు రోజులది ఏరుకోనిచ్చేవారు. ఇశ్రాయేలీయులు ఎడారిలో 40 ఏళ్లు ఈ నియమంతోనే బతికారు. ఆత్మీయ జీవితం కూడా ఈ మన్నా లాంటిదేనని నా వాదన. మనలో చాలామంది దాన్ని బెల్లంలా చూస్తున్నాం. ఏడాదికి మూడు రోజుల ఉజ్జీవ సభలు, ఒక ఉపవాస కూటం, డిసెంబరు 31 రాత్రి ఆరాధన ఉంటే మిగిలిన రోజులకు అది చాలుతుందని ధీమాగా ఉంటున్నాం. ఆ సభలు వద్దనడం లేదు. అక్కడ మనసు కరిగినవాళ్లు, తాగుడు మానినవాళ్లు, పగ వదులుకున్నవాళ్లు ఊరూరా ఉన్నారు. కానీ ఆ మార్పు నిలబడిందా లేదా అన్నది తేలేది పందిరి విప్పాక, ఇంట్లోనే. లోపలి మనిషి దినదినం నూతనమవుతాడని పౌలు కొరింథీయులకు రాసింది సుఖంగా కూర్చుని కాదు. దెబ్బలు తిని, ఊళ్ల నుంచి తరిమివేతకు గురై రాశాడు. దేవుని వాత్సల్యం ప్రతి ఉదయం కొత్తదిగా వస్తుందన్న విలాపవాక్యముల 3వ అధ్యాయం కూడా కూలిపోయిన యెరూషలేము మధ్య పుట్టింది. ఇద్దరికీ మిగిలినది ఆ రోజు ఒక్కటే, ఆ రోజుకు సరిపడా బలమే.

ఉత్తరాంధ్రలో ఈ అనుదిన సంప్రదాయం గుడి గోడల మధ్య పుట్టలేదు, ఇళ్లలో పుట్టింది. అందుకు చరిత్రలో కారణాలున్నాయి. అనకాపల్లికి 40 కిలోమీటర్ల లోపున్న విశాఖపట్నంలో 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ దిగారు. క్రైస్తవుడైన బ్రాహ్మణ పండితుడు ఆనందరాయరు సాయంతో సువార్తల తర్జుమాకు పూనుకున్నారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో కన్నుమూశారు. వాళ్ల కష్టఫలంగా మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సేరంపూరులో అచ్చయ్యాయి. తెలుగులో పూర్తి బైబిలు చేతికి రావడానికి ఆ తర్వాత మరో నాలుగు దశాబ్దాలు పట్టింది. 1874లో కాకినాడలో మొదలైన కెనడియన్ బాప్టిస్టు మిషన్ తుని, యలమంచిలి మీదుగా విజయనగరం, బొబ్బిలి, శ్రీకాకుళం దాకా పాకింది. ఊళ్లు చాలా, బోధకులు తక్కువ. పాస్టరు గారు నెలకోసారి వచ్చే పల్లెలో విశ్వాసం మిగతా రోజులు ఎలా బతకాలి? ఆ లోటు తీర్చినవాళ్లు బైబిలు స్త్రీలు. గడప గడపకూ నడిచి, పాట నేర్పి, ఒక్కొక్క వచనం నోట పలికించి, కంఠతా వచ్చాకే ఇంకో వచనానికి వెళ్లేవారు. కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవారిలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవారు. అప్పటిదాకా బడి గడప తొక్కనివ్వని వాళ్లకు దేవుని మాట తమ నోట పలకడమే పెద్ద గౌరవం. దినచర్యలో బైబిలు చదువుకోవడాన్ని మధ్యతరగతి తీరుబడిగా చూసేవాళ్లు ఈ సంగతి మరిచిపోకూడదు.

ఆ ఇళ్లలో నిలదొక్కుకున్న కుటుంబ ప్రార్థనను దగ్గరగా చూస్తే దాని పనితనం అర్థమవుతుంది. రాత్రి భోజనాలకు ముందు చాప పరుస్తారు. పాట ఎవరో ఒకరు ఎత్తుకుంటారు. పాట అయ్యాక బైబిలు చేతులు మారుతుంది, తలా రెండు వచనాలు. అక్షరాలు కూడబలుక్కునే పిల్లాడికీ వంతు తప్పదు. వాడు తప్పు చదివితే, చదువురాని నాయనమ్మ పుస్తకం చూడకుండానే దిద్దుతుంది, ఆ వచనం ఆమెకు కంఠతా వచ్చు కాబట్టి. తర్వాత ఒక్కొక్కరూ ప్రార్థిస్తారు. జ్వరంతో ఉన్న పక్కింటివాళ్ల పేరు, పరీక్ష రాసే పిల్ల పేరు, తీర్చాల్సిన అప్పు, అన్నీ దేవుని ముందు బయటికే చెబుతారు. చివర పరలోక ప్రార్థన అందరూ కలిసి చెబుతారు. ఇదంతా 20 నిమిషాల పని. చదువు, జ్ఞాపకం, సంగీతం, ఇరుగుపొరుగు బాధ్యత ఆ కాస్త సేపట్లోనే కలిసి వస్తాయి. ఇంటి పెద్ద ఎదుటే కోడలు నోరు తెరిచి ప్రార్థించగలగడం కూడా అక్కడే జరుగుతుంది. దీన్ని మించిన సాధన ఏ కొత్త పద్ధతీ మనకివ్వలేదని నేను గట్టిగా నమ్ముతాను.

ఇందులో పాట పాత్ర పెద్దది. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టి, 1833లో కటకంలో బాప్తిస్మం పొందిన పురుషోత్తమ చౌదరి కవిత్వం ముందే ఒంటబట్టినవాడు. 1890లో కన్నుమూసేదాకా ఆయన రాసిన కీర్తనలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకానికి వెన్నెముక అయ్యాయి. ఆ పుస్తకంలో పాటల తలమీద రాగం, తాళం పేర్లు అచ్చై ఉంటాయి. పల్లవి ప్రతి చరణం తర్వాతా తిరిగొస్తుంది. చదువు రానివాళ్లు రెండో చరణానికల్లా పల్లవి అందుకుంటారు, వారం తిరిగేసరికి పాటంతా వాళ్ల సొత్తవుతుంది. తెలుగువాడి చెవికి భజనలోనూ హరికథలోనూ అలవాటైన దారిలోనే కొత్త విశ్వాసం ఇంటికి వచ్చింది. బోధ మరిచిపోతాం, పాట మరిచిపోం. పొలంలో కలుపు తీస్తున్నప్పుడు నోటికొచ్చేది నిన్న రాత్రి పాడిన పల్లవే. అందుకే రాత్రి ప్రార్థన రాత్రితో ఆగిపోదు.

చదువు విషయానికొస్తే, పెద్దలు పట్టుబట్టిన నియమం ఒక్కటే: వరసగా చదవాలి. బైబిలులో 1,189 అధ్యాయాలున్నాయి. మామూలు రోజుల్లో మూడు, ఆదివారం అయిదు చదివితే ఏడాదిలో మొత్తం పూర్తవుతుంది. కీర్తనలు 150, రోజుకు అయిదు చొప్పున నెలకోసారి ముగుస్తాయి. సామెతల గ్రంథంలో 31 అధ్యాయాలు, తేదీని బట్టి ఒకటి చదువుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. పంజాబు సిక్కు కుటుంబంలో 1903లో పుట్టి, హైదరాబాదు హెబ్రోను కేంద్రంగా పనిచేసిన భక్తసింగ్ మామూలు విశ్వాసుల చేత బైబిలు పట్టించి, మోకాళ్లూని చదవడం అలవాటు చేశారు. 1938లో బైబిలు మిషను ఆరంభించిన ముంగమూరి దేవదాసు మరో దారి చూపారు. అడగడం ముగిశాక లేచిపోకుండా దేవుని సన్నిధిలో మౌనంగా కనిపెట్టమన్నారు. ఈ రెండూ ఒకదానికొకటి పోటీ కావు. చదివి, మౌనంగా ఆలోచించి, ప్రార్థించి, ఊరకే ఆయన ఎదుట నిలిచే ఈ మెట్లను 12వ శతాబ్దంలోనే ఐరోపా మఠాల్లో రెండో గిగో అనే సన్యాసి రాసిపెట్టాడు. మన పల్లె విశ్వాసి ఆ పేరు వినకపోయినా ఆ మెట్లు ఎక్కుతూనే ఉన్నాడు.

వరస చదువు మీద నా పట్టుదలకు ఒక కారణముంది. ఇప్పుడు రోజుకో వాగ్దాన వచనం ఫోనుకు వస్తోంది. కొత్త సంవత్సరం రాత్రి వాగ్దానం కార్డు తీసుకోవడం చాలా సంఘాల్లో ఆనవాయితీ. వాటిలో ఉండేది వాక్యమే, కాదనను. అయితే అక్కడ మనకు నచ్చినవే వస్తాయి. ఆశీర్వాదం ఉంటుంది, గద్దింపు ఉండదు. తూకంలో మోసం చేసేవాళ్ల మీద ఆమోసు మండిపడిన అధ్యాయం ఏ కార్డు మీదా కనిపించదు. కూలి బిగబట్టిన ధనవంతులను యాకోబు నిలదీసిన మాటలూ కనిపించవు. కళ్లు మూసుకుని ప్రార్థిస్తూ కూర్చుంటే సమాజంలోని అన్యాయం ఎవరు పట్టించుకుంటారని అడిగేవాళ్లకు నా జవాబు కూడా ఇక్కడే ఉంది. ఆ విమర్శ ఏరుకుని చదివే భక్తికి తగులుతుంది. వరసగా చదివే భక్తి ఏడాదికోసారైనా యెషయా 58వ అధ్యాయం ముందు నిలబడక తప్పదు. కాడిమాను విరగ్గొట్టడం, ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టడమే దేవుడు కోరే ఉపవాసమని అక్కడ ఉంది. సహోదరుడికి నీ మీద ఏదైనా ఉంటే అర్పణ అక్కడే విడిచి ముందు వెళ్లి సమాధానపడమని మత్తయి 5వ అధ్యాయం చెబుతుంది. పొద్దున్న ఆ మాట చదివి, సాయంత్రం అన్నదమ్ములతో గట్టు తగాదాకు దిగడం అంత తేలిక కాదు. దిగినా, మర్నాడు బైబిలు తెరిచినప్పుడు మనసు పొడుస్తుంది.

రోజూ చేస్తే మొక్కుబడి అయిపోతుందన్నది మరో ఆక్షేపణ. మనసు లేకుండా పెదవులతో చేస్తే నష్టమే అన్నది నిజం. కానీ మనసు పుట్టినప్పుడే ప్రార్థిస్తానంటే, బాధలో, విసుగులో, అపనమ్మకంలో ఉన్న రోజున, అంటే ప్రార్థన ఎక్కువ అవసరమైన రోజున, మనిషి ఒంటరివాడవుతాడు. కీర్తనల గ్రంథం ఆ రోజు కోసమే చీకటి మాటలు కూడా మన చేతికిచ్చింది. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది, ఓదార్పు ముక్క ఒక్కటీ చివర అతికించరు. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి సొంత మాటలు రావు. ఆ కీర్తన ఆమె తరఫున మాట్లాడుతుంది. మనసు మాటను నడిపించే రోజులు కొన్ని, మాటే మనసును చేయి పట్టుకుని నడిపించే రోజులు కొన్ని. నియమం ఉన్నది రెండో రకం రోజుల కోసం.

రక్షణ కృప వల్లే కదా, మరి ఈ నియమమెందుకని సంఘాల లోపలే కొందరడుగుతారు. మన్నాను కురిపించింది దేవుడు, ఏరుకున్నది మనుషులు. ఏరుకోవడం వల్ల మన్నా వాళ్ల సంపాదన అయిపోలేదు. ఈ ప్రశ్నకు అంతకు మించి విడమరచి చెప్పాల్సింది నాకు కనబడదు.

అన్నిటికన్నా బరువైన ప్రశ్న సమయం. అచ్యుతాపురం సెజ్‌లో, పరవాడ ఫార్మాసిటీలో షిఫ్టుల్లో పనిచేసే వ్యక్తికి, తెల్లారకముందే పొయ్యి రాజేసి కూలికి వెళ్లే ఆడమనిషికి నాలుగింటికి లేచి గంటసేపు ప్రార్థించమని చెప్పడం దయలేని పని. కొందరు బోధకులు అలాగే చెప్పి, లేవలేనివాళ్లను తప్పుచేసినట్టు కుంగదీస్తున్నారు. ఇది మానాలి. యేసు చాలా పెందలకడ లేచి అరణ్య ప్రదేశానికి వెళ్లి ప్రార్థించాడని మార్కు రాశాడు, నిజమే. అదే బైబిలులో మూడే వచనాల 134వ కీర్తన ఉంది. అది రాత్రివేళ మందిరంలో నిలిచి సేవ చేసేవాళ్లను ఉద్దేశించింది. రాత్రి షిఫ్టువాళ్లకు ఇంతకన్నా దగ్గరి కీర్తన లేదు. 17వ శతాబ్దంలో పారిస్ మఠంలో వంటపని చేసిన బ్రదర్ లారెన్స్ గిన్నెల మధ్యే దేవుని సన్నిధిని సాధన చేశాడు. గడియారంలో వేళ ఏదైనా కావచ్చు, రోజూ ఒకటే వేళ, ఒకటే చోటు అయితే చాలు. పనికి వెళ్లే బస్సులో కంఠతా వచనం ఒకటి మననం చేసుకున్నా అది లెక్కలోకి వస్తుంది. కుటుంబ ప్రార్థనకు వారంలో ఆరు రోజులు కుదరకపోతే కుదిరిన ఒక్క రోజుతో మొదలుపెట్టవచ్చు. పాట, చదువు, ప్రార్థన మూడూ ఉండాలి. పిల్లలకు వంతు ఉండాలి. ఆ కాస్త సేపూ టీవీ, ఫోను ఆపాలి.

ఏళ్ల తరబడి సభలకు వెళ్తూ ఇంట్లో బైబిలు తెరవనివాళ్లను, సంఘానికి కొత్తగా వచ్చి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివాళ్లను నేను కోరేది ఒకటే. రేపు మార్కు సువార్త తెరవండి. 16 అధ్యాయాలే ఉన్నాయి. రోజుకొకటి, నోరు విప్పి, ఇంట్లో ఇంకొకరు వినేలా చదవండి. చదివాక, ఆ అధ్యాయంలో యేసు చేసిన పని ఒకటి చూసి, ఆ రోజు మీరు చేయవలసిన పని ఒకటి ఎంచుకుని, దాని గురించి నాలుగు మాటలు ప్రార్థించండి. ఒక రోజు తప్పిపోతే రెండు రోజులది ఒకేసారి చదివి లెక్క సరిచేయాలని చూడకండి, ఆ రోజుది ఆ రోజు చదవండి.