చెమ్మెక్కిన గోడ

కిందటి నెల ఒక పెద్దాయన తన చిన్ననాటి ముచ్చట్ల పుస్తకానికి అట్ట వేయించుకోడానికి నా దగ్గరికి వచ్చారు. కోనసీమ మనిషి. "పాత గోడ మీద రాసినట్టుండాలి బాబూ" అన్నారు. అదెంత పని! నెట్‌లో 'గ్రంజ్' (మాసి అరిగిన వాలకం) అని కొడితే బోలెడు దొరుకుతాయి, అదీ ఉచితంగా. ఒకటి దింపి పేరు వెనకాల పెట్టి చూపించాను. ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు.

"ఇదెక్కడి గోడ? మా ఊళ్ళో గోడలు ఇలా బీటలివ్వవు. చెమ్మెక్కుతాయి."

నిజమే. నేను దింపింది ఏ ఎండు దేశందో, నెర్రెలిచ్చిన కాంక్రీటు. గోదావరి గోడ ముసలితనం వేరు. కింద నుంచి చెమ్మ మోకాలెత్తు దాకా పాకుతుంది. ఉప్పు పొంగి సున్నం పెచ్చులుగా లేస్తుంది. పైనుంచి చూరు నీళ్ళు నల్లటి చారలు దింపుతాయి. ఈ రెండిటికీ నడుమ ఎప్పుడో వేసిన నీలం రంగు ఇంకా కొనఊపిరితో ఉంటుంది.

మర్నాడు పొద్దున్నే ఫోన్ పట్టుకుని రాజమండ్రి ఇన్నీసుపేట సందుల్లో పడ్డాను. ఏడింటికైతే ఎండ ఏటవాలుగా పడి ప్రతి పెచ్చుకీ నీడ వస్తుంది. మిట్టమధ్యాహ్నం అదే గోడ చప్పిడి కాగితంలా ఉంటుంది. తుప్పు కోసం హేవ్‌లాక్ వంతెన దగ్గరికీ వెళ్ళాను. 1900 నుంచి 1997 దాకా రైళ్ళు మోసిన ఇనుము అది. దారిలో సినిమా పోస్టర్ల గోడ ఒకటి, చిరుగు కింద చిరుగు. ప్యారిస్‌లో రేమండ్ హేన్స్, జాక్ విల్‌గ్లే అనే ఇద్దరు 1949 నుంచి ఇలాంటి చిరిగిన పోస్టర్లనే గోడల మీంచి ఊడదీసి, తర్వాత కళాఖండాలుగా చూపించారు. మన దగ్గర ఆ ఊడదీసే పని ఆవులు చేస్తున్నాయి, మైదా జిగురు రుచికి.

ఫోటోషాప్‌లో పని సులువే. ఫోటోకి రంగు తీసేసి, లెవెల్స్‌లో నలుపు మీటనీ తెలుపు మీటనీ మధ్యకి లాగితే మరకలు మాత్రం తేలతాయి. దాన్ని అట్ట రంగు మీద లేయర్‌గా పరిచి 'మల్టిప్లై' పెడితే తెలుపంతా మాయమై మరక కిందికి దిగుతుంది. 'స్క్రీన్' పెడితే నలుపు మాయమవుతుంది. గోడ చిన్నదై ఫోటోని పక్కపక్కన అతికించారా, ఒకే మరక రెండుచోట్ల కనిపించి దొంగతనం బయటపడుతుంది.

అసలు చిక్కు అక్షరాలతో. అమెరికాలో డేవిడ్ కార్సన్ 1994లో 'రే గన్' పత్రికలో ఒక ఇంటర్వ్యూ మొత్తాన్ని అక్షరాలే లేని బొమ్మల ఫాంటులో అచ్చేశాడు. గ్రంజ్ అంటే అంత తెగింపు. ఇంగ్లీషు అక్షరం సగం చెరిగినా పోల్చుకోవచ్చు. మన అక్షరాలకి ప్రాణం చిన్న చిన్న కొమ్ముల్లో, చుక్కల్లోనే ఉంది. ర కడుపులో చుక్క పడితే ఠ. ధ కడుపులో పడితే థ ('కధ' అని రాసేవాళ్ళకి ఇదొక్కటే మేలు). పెద్దాయన పుస్తకం పేరులో 'గుడి' ఉంది. నా చెమ్మ మరక సరిగ్గా కొమ్ము మీద కూర్చుని దాన్ని 'గడి' చేసింది. ప్రూఫు కూడా తీశాక మా ఆవిడ చూసింది కాబట్టి సరిపోయింది.

అప్పుడు లేయర్ మాస్క్ తెరిచి, నల్ల బ్రష్‌తో ప్రతి కొమ్ము మీదా ప్రతి దీర్ఘం మీదా మరకని ఒక్కొక్కటే తుడిచాను. అక్షరం ఒంటి మీద మాత్రం ఉంచేశాను. గోడ వేయడానికి అరగంట, తుడవడానికి రెండు రోజులు.

పెద్దాయన అట్ట చూసి "ఇది మా వీధే" అన్నారు. ఇన్నీసుపేటదని నేను చెప్పలేదు. ఆ గోడకి మొన్ననే లేత గులాబీ రంగు కొట్టేశారు.

సంక్రాంతికి మీరూ గోడలకి రంగులు వేయిస్తారు కదా. వేయించండి. ముందు రోజు పొద్దున్న ఏడింటికి మాత్రం ఎదురుగా నిలబడి ఒక ఫోటో తీసి ఉంచండి. అయిదున్నర అంగుళాల వెడల్పు అట్ట అచ్చుకి ఫోటో వెడల్పు 1650 పిక్సెళ్ళు, ఎత్తు 2550 కావాలి. ఫోన్ నిలువుగా పట్టుకోండి.