అదిగో, దానిలా కట్టు మేస్త్రీ

విజయవాడ ఆటోనగర్ షెడ్డుకు లారీ రాదు, ఛాసిస్ వస్తుంది. ఇంజను, చట్రం, చక్రాలు, తలకు తువ్వాలు చుట్టుకున్న డ్రైవరు, అంతే. క్యాబిన్ కంపెనీలోనే బిగించి పంపడం ఈమధ్య పెరిగింది కానీ తొట్టి పని ఇంకా ఇక్కడిదే. ఓనరు కాగితం మీద బొమ్మ గీయమనడు. రోడ్డు మీద నిలబడ్డ మరో లారీని చూపించి, "అదిగో, దానిలా కట్టు మేస్త్రీ" అంటాడు.

ఈ మాటకు చిన్నచూపు అక్కర్లేదు. కార్ల అందానికి ఒక శాఖే ఉండాలని 1927లో జనరల్ మోటార్స్ ఆర్ట్ అండ్ కలర్ సెక్షన్ పెట్టి, హార్లీ ఎర్ల్‌కు అప్పగించింది. అతను లాస్ ఏంజెలెస్‌లో తండ్రి బాడీ షెడ్డులో సినిమా తారల కార్లకు సోకులు దిద్దిన మనిషి. ఆటోనగర్‌లో దింపితే మధ్యాహ్నానికల్లా కలిసిపోయేవాడు. ఆ ఏడాదే పేరు తెచ్చిన అతని లాసాల్ కారుకు ఒరవడి ఐరోపా బండి హిస్పానో సుయిజా. ఎర్ల్ కూడా 'దానిలా' కట్టినవాడే! కాకపోతే రేకు జోలికి వెళ్లకముందే మట్టిలో చూసుకున్నాడు. అమెరికా కార్ల నగరం డెట్రాయిట్‌కు ఆ మట్టిని అలవాటు చేసింది అతనే.

చెక్కతో లోపలి గూడు కట్టి, వెచ్చబెట్టిన మైనపు మట్టిని దానిపై అదుముతారు. చల్లారి గట్టిపడ్డాక బ్లేళ్లతో గీకుతారు. చాలాసార్లు కొలత అసలు కారులో నాలుగో వంతు. మెరిసే పల్చటి ఫిల్ము పరిస్తే, దీపపు గీత ఎక్కడ వంకరపోతోందో అక్కడ తప్పు దొరికినట్టే. డెంటింగ్ మేస్త్రీ రేకు మీద తల వాల్చి చూసేదీ ఆ గీతనే. కాకపోతే మట్టి గీకేస్తే పోతుంది, మళ్లీ అతికితే వస్తుంది. కత్తిరించిన రేకు చూసి ఓనరు మొహం చిట్లిస్తే ఆ షీటు ఖర్చు షెడ్డుకే.

అలాగని చిన్న బొమ్మను పూర్తిగా నమ్మలేం. బల్ల మీది కారును గద్ద చూసినట్టు పైనుంచి చూస్తాం. రోడ్డు మీద అలా ఎవరు చూస్తారు? అందుకే కార్ల డిజైన్ స్టూడియోలు బొమ్మను కంటి ఎత్తుకు లేపుతాయి, చివరికి నిండు కొలతలోనూ మట్టితో చేసి చూసుకుంటాయి. ఈ విషయంలో ఆటోనగర్ మేస్త్రీదే పైచేయి. అతనికి రోజూ నిండు కొలతే.

చిన్న బొమ్మతోనే పెద్ద చేతులూ దొరుకుతాయి. జనరల్ మోటార్స్ వారి బాడీల విభాగం ఫిషర్ బాడీ 1930 నుంచి 1968 దాకా కుర్రాళ్లకు నమూనాల పోటీ పెట్టింది. కార్లు పన్నెండో వంతు కొలతలో చేయాలి. 1947లో గెలిచిన చక్ జోర్డన్ తర్వాత ఆ కంపెనీ డిజైన్ విభాగానికే పెద్ద అయ్యాడు.

మనకు చెయ్యి తిరిగినవాళ్లు లేరా? ఊరికి అటు కొసన కొయ్యబొమ్మల కొండపల్లి ఉంది. తెల్లపొణికి చెక్క మీద చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కు అతికి ఆకారం దిద్దడం, డెట్రాయిట్ పనికి తోబుట్టువే. ఎడ్లబండి చేసిన చేతికి లారీ ఒక లెక్కా? ఆటోనగర్ సంఘాలు ఆ కళాకారులను పిలిచి షెడ్డు కుర్రాళ్లకు ఒక పోటీ పెట్టాలి. కొలత పన్నెండో వంతు. నిబంధనల ప్రకారం బండి వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదు కాబట్టి, బొమ్మ 21.6 సెంటీమీటర్లు మించరాదు.