దూకే నీటిని నిలబెట్టిన మెట్లు

కరీబియన్ దీవులకు వెళ్లొచ్చినవాళ్లు అక్కడి నీటి నెమ్మదిని తప్పకుండా చెబుతారు. పిల్లలు భయం లేకుండా ఈదుతారట. కళ్లకు అద్దాలు, నోట్లో గొట్టం పెట్టుకుని గంటల కొద్దీ బోర్లా తేలుతూ చేపల్ని చూడొచ్చట. ఆ నెమ్మదిలో చాలా భాగం పగడపు దిబ్బల పుణ్యమే. ఒడ్డుకు కాస్త దూరంలో నీటి కింద అడ్డంగా లేచిన దిబ్బ అలల్ని ముందే విరిచేస్తుంది. ప్రపంచంలో పలుచోట్ల తీసిన కొలతలన్నీ 2014లో ఒకచోట చేర్చి చూస్తే, ఈ దిబ్బలు అల బలంలో సగటున 97 శాతాన్ని తీసేస్తాయని తేలింది.

మన తూపిలిపాళెం ఒడ్డుకు అలాంటి కాపు లేదు. బంగాళాఖాతం నేరుగా వచ్చి ఇసుక మీద పడుతుంది, మోకాలి లోతులో నిలబడ్డ మనిషిని కూడా లోపలికి లాగుతుంది. తిరుపతివాళ్లకు నెమ్మదైన నీరు కావాలంటే ఎవరో ఒకరు కట్టి ఇవ్వాల్సిందే. కపిలతీర్థంలో అలా కట్టి ఇచ్చారు.

శేషాచలం పాదాల దగ్గర ఉన్న శివాలయం ఇది. కపిల మహర్షి కొలిచిన లింగం పాతాళం నుంచి ఇక్కడ పైకి వచ్చిందని స్థలపురాణం. వైష్ణవులు దీన్నే ఆళ్వారు తీర్థం అన్నారు. గోపురం గురించి, వాకిట్లో కూర్చున్న పెద్ద నంది గురించి చాలామంది రాశారు. కోనేటి పనితనానికి మాత్రం రావలసినంత పేరు రాలేదని నా అభిప్రాయం. విజయనగర రాజు అచ్యుతదేవరాయలు (1529–42) కాలంలో దీనికి రాతి మెట్లు, చుట్టూ సంధ్యావందన మండపాలు కట్టారు.

ఆ కాసెవాళ్ల ముందున్న చిక్కు ఎలాంటిదో చూడండి. మామూలు కోనేటికి నీరు అడుగున ఊరుతుంది, లేదా కాలువలో నడిచి వస్తుంది. ఇక్కడ కొండ మీది నుంచి దూకుతుంది. ఈ కొండల పైభాగమంతా గట్టి క్వార్ట్‌జైట్ రాయి. అది నిట్టనిలువుగా విరిగిన చోట నీటికి జారే దారి ఉండదు, పడాల్సిందే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల వానలకు ఆ ధార హోరెత్తుతుంది. ఎండాకాలంలో సన్నబడిపోతుంది. రెండు కాలాలకూ పనికొచ్చే కోనేరు కావాలి. సంకల్పం చెప్పుకుంటూ దోసిలి పట్టేవాడికి నీరు అందాలి, కాలు జారకూడదు.

వాళ్లు చేసిన మొదటి మంచి పని ఒకటి వదిలేయడం. ధార పడే వైపు కొండను కొండగానే ఉంచారు. అక్కడ చెక్కిన రాళ్లు పేర్చి అందం చేయాలని చూసి ఉంటే, ఏటేటా పడే దెబ్బకు అవి కదిలిపోయేవి. పడే నీటి ఊపును నిలిచిన నీరే మింగుతుంది. ఆనకట్టల కింద ఇప్పటి ఇంజనీర్లు లోతైన తొట్టి కట్టి నీటి జోరు తగ్గించడం వెనక ఉన్నదీ ఈ సూత్రమే.

ఇక మిగిలిన వైపులు. ధార పడ్డ చోట లేచిన అల చుట్టూ పరుగెత్తి ఒడ్డుకు వస్తుంది. అక్కడ నున్నటి నిలువు గోడ ఉంటే తగిలి వెనక్కి తిరుగుతుంది, ఎదురొచ్చే అలతో కలిసి కోనేరంతా ఊగుతుంది. మెట్లున్నప్పుడు అలా జరగదు. ఒక మెట్టు అంచుకు కొంచెం విరుగుతుంది, పైమెట్టుకు ఇంకొంచెం విరుగుతుంది, తిరిగి వెళ్లే బలం మిగలదు. సముద్రంలో పగడపు దిబ్బ చేసేది ఇదే. జలపాతం హోరులో మన మాట మనకే వినపడదు, ఇటు మెట్టు మీద కూర్చుంటే పాదాల దగ్గర నీరు మెల్లగా ఆడుతుంటుంది. వానాకాలంలో ఇది ఎవరైనా చూడొచ్చు.

మెట్లకు ఇంకో గుణం ఉంది. నీరు నిండినా తగ్గినా ఏదో ఒక మెట్టు నీటి అంచునే ఉంటుంది. తడి మట్టి ఒరిగి లోపలికి రాకుండా ఆపేదీ ఆ వరసలే. ఒకే కట్టడంతో ఇన్ని పనులు జరిపించుకోవడం నాకు గొప్ప పనితనంగా కనిపిస్తుంది.

మండపాలు కూడా కొలత తెలిసి కట్టినవి. స్తంభాల వరస నీడను ఇస్తుంది, నీటిని కప్పేయదు. తడిబట్టతో పైకి వచ్చినవాడికి నాలుగడుగుల్లో పొడి రాయి దొరుకుతుంది. ఉదయం, సాయంత్రం జపానికి కూర్చునేవాళ్లను మనసులో పెట్టుకుని కట్టారని చూడగానే తెలుస్తుంది.

ఈ నెమ్మదికీ హద్దుంది. 2021 నవంబరు వానలకు కొండ నీరు విరుచుకుపడి ఇక్కడి ఒక మండపం దెబ్బతింది. ధార ఉధృతంగా ఉన్నప్పుడు స్నానాలు ఆపేస్తారు. అలా ఆపినప్పుడు సిబ్బందితో వాదించకండి.

కార్తీకంలో వెళ్లండి, పండగ రద్దీ లేని రోజు చూసుకోండి. కాసేపు మెట్టు మీద కూర్చుని అల ఎక్కడ పుట్టి ఎక్కడ అణుగుతుందో గమనించండి. సబ్బులు, షాంపూ పొట్లాలు ఇంటి దగ్గరే వదిలి రండి. విడిచిన బట్టలు నీళ్లలో వేయకండి.