మెయిల్‌కి దారి వేసే పనితనం

ఒక కంపెనీకి నాలుగు ఊళ్లలో ఆఫీసులుంటే, ఒకచోటి సర్వర్ నుంచి ఇంకోచోటికి మెయిల్ ఏ దారిన పోవాలో, ఆ దారి తెగితే ఎక్కడ ఆగాలో ముందే ఏర్పాటు చేసి పెట్టడమే మెసేజ్ రూటింగ్. యునిక్స్ మెషీన్లు ఒకదానికొకటి ఫోన్ చేసి మెయిల్ అందించుకున్న యూయూసీపీ రోజుల్లో ఆ దారిని పంపేవాళ్లే రాసేవారు. మధ్యలో తగిలే మెషీన్ల పేర్లన్నీ వరసగా, ఆశ్చర్యార్థకాలతో కలిపి! హనీమన్, బెల్లోవిన్‌ల పాత్‌ఎలియాస్ ప్రోగ్రాం మ్యాపులు చదివి చవకైన దారిని తానే లెక్కగట్టేది. 1983లో వచ్చిన ఎరిక్ ఆల్‌మన్ సెండ్‌మెయిల్ పొంతన లేని నెట్‌వర్కుల అడ్రసులను ఒకదాన్నుంచి ఇంకొకదానికి తిరగరాసేది. 1986లో క్రెయిగ్ పార్ట్రిడ్జ్ (ఒక డొమైన్ మెయిల్ ఏ సర్వర్‌కి పోవాలో చెప్పే) ఎంఎక్స్ రికార్డుల నియమాలు రాశాక కంపెనీ దాటే దారి డీఎన్ఎస్ చేతికొచ్చింది.

కంపెనీ లోపలి దారి మాత్రం అడ్మిన్ పనిగానే మిగిలింది. అసలు చాకచక్యమంతా అక్కడే. మైక్రోసాఫ్ట్ మెయిల్ సర్వర్ ఎక్స్ఛేంజ్ 2003లో దీనికి రూటింగ్ గ్రూపులని వేరే ఏర్పాటుండేది. 2007 వెర్షన్ దాన్ని తీసేసి యాక్టివ్ డైరెక్టరీ సైట్లనే వాడుకుంది. ఒమాన్‌లో మస్కట్, బాతినా ప్రాంతాలను ఊహించుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మస్కట్‌లో హెడ్డాఫీసు, అల్ సువైక్, సోహార్, రుస్తాక్‌లలో బ్రాంచీలు. మస్కట్–సువైక్ లింకు కాస్ట్ 10, సువైక్ నుంచి సోహార్‌కీ రుస్తాక్‌కీ చెరో 10, మస్కట్–సోహార్ నేరు లింకు 50. సోహార్‌కి చవక దారి సువైక్ మీదుగా, మొత్తం 20.

అంటే ప్రతి మెయిలూ సువైక్‌లో దిగి ఎక్కుతుందనుకుంటే పొరపాటే. మామూలుగా మస్కట్ సర్వర్ నేరుగా సోహార్‌ సర్వర్‌కే కనెక్టవుతుంది. సోహార్ పలకనప్పుడు కాస్ట్ లెక్క పైకొస్తుంది. మెయిల్ మస్కట్‌లో పడి ఉండకుండా, తెగిన చోటికి వీలైనంత దగ్గరగా, సువైక్ క్యూలో కూర్చుంటుంది. సోహార్‌కీ రుస్తాక్‌కీ ఒకే పెద్ద అటాచ్‌మెంటు పంపితే సువైక్ దాకా ఒక్క కాపీయే పోయి అక్కడ రెండవుతుంది. ఎంత అందమైన పొదుపు!

చేయి తిరిగినవాళ్ల పని ఇంకోచోట కనబడుతుంది. సైట్ లింకు అసలు కాస్ట్ మారిస్తే డైరెక్టరీ రెప్లికేషన్ దారి కూడా మారిపోవచ్చు. అందుకే వాళ్లు దాన్ని ముట్టుకోరు, సెట్-ఏడీసైట్‌లింక్ కమాండ్‌తో ఎక్స్ఛేంజ్‌కాస్ట్ ఒక్కటే విడిగా ఇస్తారు. ఫైర్‌వాల్ వల్ల నేరు కనెక్షన్ కుదరకపోతే సువైక్‌ను హబ్ సైట్ చేస్తారు. అయితే అది చవక దారి మీద ఉంటేనే హబ్‌గా పనిచేస్తుంది. లేకపోతే సెట్టింగ్ ఉన్నా లేనట్టే.

ముచ్చటపడాల్సింది మాత్రం వీట్సే వెనెమా రాసిన మెయిల్ సర్వర్ పోస్ట్‌ఫిక్స్‌నే. ట్రాన్స్‌పోర్ట్ ఫైల్లో ఒక డొమైన్‌కి ఒకే లైను. సర్వర్ పేరు చుట్టూ చదరపు బ్రాకెట్లు పెడితే ఎంఎక్స్ వెతక్కుండా నేరుగా అక్కడికే పోతుంది, తీసేస్తే ఎంఎక్స్ చూస్తుంది. ఆ రెండు గీతల్లో ఉన్న స్పష్టత ఎక్స్ఛేంజ్ విండోలన్నీ కలిపినా రాదు.

ఇంత విద్యకు ఇప్పుడు పట్టిన గతి చూస్తే ఒళ్లు మండుతుంది. పరీక్ష ప్రశ్నల డంప్స్ బట్టీపట్టి సర్టిఫికెట్ తెచ్చుకుని గల్ఫ్ విమానమెక్కేవాళ్లకు లింకు కాస్ట్ అంటే పరీక్షలో ఒక మార్కు. నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్! అన్ని సైట్లనూ డీఫాల్ట్ లింకులోనే వదిలేస్తారు. అక్కడ ప్రతి జంటకూ కాస్ట్ 100, ఇక చవక దారనే మాటే లేదు. క్యూ నిండితే సర్వర్ రీస్టార్ట్ చేస్తారు. పైగా ఎక్స్ఛేంజ్ 2016, 2019లకు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మెయిల్‌బాక్సులు క్లౌడ్‌కి పోయాక దారులు వేసే పనీ అద్దె సరుకే అయింది. హైదరాబాద్ అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో పాఠాలు చెప్పేవాళ్లు కనీసం ఒక్క పూట కేటాయించి, పాత మెషీన్ల మీద మూడు సైట్లు కట్టించి, మధ్య లింకు తెంపించి, మెయిల్ ఏ క్యూలో ఆగిందో పిల్లల చేత వెతికించాలి. ఆ మెయిల్ చేరాక హెడర్లలోని రిసీవ్డ్ లైన్లను కింది నుంచి పైకి చదివించాలి. మెయిల్ ఎక్కడెక్కడ ఆగిందో, ఎన్ని నిమిషాలు ఆగిందో అందులోనే ఉంటుంది.