చెర్రీచెట్టు పాట: పాఠభేద విమర్శ

ఇంగ్లండున క్రిస్మసునాళ్లలో పాడుకొను ప్రాచీనగీతములలో ‘చెర్రీచెట్టు పాట’ పాఠభేదముల దృష్ట్యా మిక్కిలి విలువైనది. ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ 1882-1898 నడుమ ప్రకటించిన ఆంగ్ల, స్కాటిష్ కథాగేయముల సంపుటములలో ఇది 54వది. కర్త యెవరో తెలియదు. వృద్ధుడైన యోసేపు గర్భవతియైన మరియతో తోటలో నడచుచుండును. ఆమె చెర్రీపండ్లు కోసి యిమ్మని వేడును. గర్భకారకుడెవడో వాడే కోసి యిచ్చునని అతడు కటువుగా పలుకును. అంతట గర్భస్థశిశువు ఆజ్ఞచే చెట్టు వంగి ఆమె చేతికి పండ్ల నందించును. యోసేపు పశ్చాత్తాపము నొందును. ప్రసిద్ధపాఠములలో కథ యిది.

బైబిలులోని నాలుగు సువార్తలలోను ఈ వృత్తాంతము లేదు. మత్తయి పేర వెలసిన అనధికార లాటిను సువార్త యొకదానియందు దీని పూర్వరూపము కలదు. అచ్చట చెట్టు ఖర్జూరము. దారి ఐగుప్తునకు పోవు ఎడారిదారి. శిశువు అప్పటికే పుట్టి తల్లి ఒడిలో నున్నాడు. యోసేపు చెట్టు ఎత్తును, నీటికొరతను తలచి చింతించునే కాని భార్యను దెప్పడు. 15వ శతాబ్దికి చెందిన ఎన్-టౌన్ నాటకములకు వచ్చుసరికి ఖర్జూరము చెర్రీ యైనది; దారి బేత్లెహేము దారి యైనది; శిశువింకను గర్భముననే యున్నాడు. అయితే అందు చెట్టు వంగినది మరియ ప్రార్థనకు.

ఖర్జూరము పండని దేశమున చెర్రీ వచ్చుటలో వింత లేదు. కథను జననమునకు ముందునకు జరుపుటయే గొప్ప మార్పు. బాటసారి ఆకలి యిట్లు గర్భిణి కోరిక యైనది. మన వేవిళ్లపాటలు ఎరిగినవారికి దాని బరువు వివరింపనక్కరలేదు. అట్టి కోరికను త్రోసిపుచ్చుటలో యోసేపు మనసులోని శంక యంతయు బయటపడినది. మర్యాదకై యా వాక్యమును మెత్తపరచినచో చెట్టు వంగుటకు తగిన కారణమే యుండదని మా యభిప్రాయము.

ఇక అన్నిటికంటె విచారింపదగినది అమెరికా పాఠములలోని తేదీ. 1917లో సెసిల్ షార్ప్ కెంటకీ కొండసీమలో సేకరించిన పాఠమున శిశువు తన జన్మదినము జనవరి 6 అని చెప్పును. మరికొన్ని పాఠములలో అది జనవరి 5. డిసెంబరు 25నే యెరిగిన పరిష్కర్త యిది గాయకుని మతిమరపని దిద్దివేయవచ్చును. పలుపాఠములనుండి చరణములేరి ‘శుద్ధపాఠము’ కూర్చు అలవాటు మన స్త్రీలపాటల సంకలనకర్తలలోను లేకపోలేదు. చైల్డ్ వేర్వేరు పాఠములను విడివిడిగా ముద్రించెను. ఆ పద్ధతి విలువ యిట్టిచోట తెలియును.

1752 సెప్టెంబరులో బ్రిటను, దాని వలసరాజ్యములు గ్రెగోరియన్ పంచాంగమును స్వీకరించినపుడు 11 దినములు తొలగినవి. పాత డిసెంబరు 25 కొత్తలెక్కలో జనవరి 5 అయినది. కొత్తలెక్కలో 1800 లీపు సంవత్సరము కాదు గనుక భేదము 12 దినములై, పాత క్రిస్మసు జనవరి 6కు జరిగినది. అపలాచియన్ కొండలలో 20వ శతాబ్దియందును దానిని పాటించిన కుటుంబము లుండెడివి. జనవరి 6 ఎపిఫనీ పండుగ కూడ గావున, ఆ తేదీకి అదియు తోడ్పడియుండవచ్చును. జనవరి 5కు మాత్రము పంచాంగపు మార్పును మించిన హేతువు మాకు కానరాదు. అంతమాత్రమున పాట యంతయు 1752 తరువాత పుట్టినదనరాదు. ఆ చరణము అటుపిమ్మట చేరినదనియో మారినదనియో మాత్రమే చెప్పవచ్చును. 1900 కూడ లీపు సంవత్సరము కాకపోవుటచే, షార్ప్ పాట విన్ననాటికి పాత క్రిస్మసు నిజముగా జనవరి 7న పడుచుండెను. గాయకుడు మాత్రము 6 అనియే పాడెను.